ఆ ఇన్సూరెన్స్ సీఈఓని కాల్చిన్రంటే నాకు కడుపుల చల్లగయ్యింది, నేను తప్పు మనిషినా?

నల్లగొండ_బిడ్డ:

అందరికి నమస్తే. జెర పెద్దగనే రాస్తున్నా, ఓపికతోని చదువున్రి.

బతుకమ్మకని ఊరికొచ్చిన. మా అక్క కొడుకు డిగ్రీ సెకండియర్, వాని వాట్సాప్ డీపీల ఒక అమెరికా పోరని ఫొటో ఉన్నది. ఎవర్రా అంటే లుయీజీ మాంజియోనీ మామా అన్నడు. 2024 డిసెంబర్ 4 పొద్దుగాల న్యూయార్క్‌ల హిల్టన్ హోటల్ ముంగట యునైటెడ్‌హెల్త్‌కేర్ సీఈఓ బ్రయాన్ థాంప్సన్‌ని ఎనకనుంచి కాల్చి చంపిన్రు గదా, ఆ కేసుల పట్టుకున్న పిల్లగాడు. 2025 సెప్టెంబర్ 16న అక్కడి కోర్టు టెర్రరిజం సెక్షన్లు కొట్టేసిందట, హత్య కేసు మాత్రం ఉన్నది, ఆయన నేరం ఒప్పుకోలేదు. మావోడు ఆ వీడియోలన్ని నాకు చూపెట్టుకుంట హీరో మామా హీరో అంటుండు.

నేను వాన్ని తిట్టబోయి ఆగిన. ఎందుకంటే ఆ వార్త మొదట చూసిననాడు నాక్కూడ గట్లనే అనిపించింది.

మా నాయినకు 2024 అక్టోబర్‌ల ఛాతి నొప్పొస్తే హైదరాబాద్ తీస్కపోయినం, రెండు స్టెంట్లు వేసిన్రు. పాలసీ 2018 ఆగస్టుల తీసుకున్నం, పత్తి పైసలు చేతికి రాంగనే నాయిన ముందుగాల ప్రీమియం కట్టినంకనే మిగతా బాకీలు కట్టేటోడు, ఒక్క ఏడు కూడ తప్పలే. క్యాష్‌లెస్, అంటే బిల్లు కంపెనీనే దవాఖానకు కట్టుడు, ముందు ఓకే అన్నరు, తీరా డిశ్చార్జి నాడు రిజెక్ట్ అని వచ్చింది. బీపీ ఉన్న సంగతి పాలసీ తీసుకునేటప్పుడు దాచిపెట్టిన్రట. 3 లక్షల 40 వేలు, అమ్మ బంగారం కుదువపెట్టి కట్టి ఇంటికొచ్చినం. నాయిన ఆ లెటర్ ఒళ్లె పెట్టుకొని మంచం మీద కూసోని "నేను దాచిపెట్టిన్నారా?" అని రెండుమూడు సార్లు అడిగిండు. పైసలు పోయినందుకు కాదు, అబద్ధాలకోరు అన్నరు గదా అని ఆయన బాధ. కంపెనీ గ్రీవెన్స్ వాళ్ళకు రాస్తే వాళ్ళు కూడ కాదన్నరు, ఆ మెయిల్ నాకు డిసెంబర్ 5న వచ్చింది. అదే రోజు రాత్రి టీవీల ఈ వార్త. నిజం చెప్తున్నా, కడుపుల చల్లగయ్యింది. తెల్లారి క్లాక్ టవర్ కాడ చాయ్ తాక్కుంట దోస్తులకు చెప్తే నలుగురిల ముగ్గురు మంచిగైంది అన్నరు.

తర్వాత చదివిన, ఆ సీఈఓకు ఇద్దరు కొడుకులట, వయసు 50. మా నాయిన మంచం మీద ఉన్నప్పుడు నాకెట్లున్నదో ఆ పిల్లలకు అంతకంటె ఎక్కువే ఉంటది గదా. అప్పటినుంచి ఇది నా మనసుల మెదులుతనే ఉన్నది. మీకెవరికన్న గిట్లనే అనిపించిందా? మా అక్క కొడుక్కు నేనేం చెప్పాలె?

—

సూర్యాపేట_టు_జెర్సీ:

తమ్మీ, నేను ఇక్కడ అమెరికాల 11 ఏండ్ల సంది ఉంటున్న. ఆ వారం ఇక్కడ ఎట్లుండెనో చెప్తా.

ముందు ఇక్కడి కథ తెల్వాలె. మనకు ఇన్సూరెన్స్ లేకపోతే గవర్నమెంట్ దవాఖాన ఉన్నది, ఆరోగ్యశ్రీ ఉన్నది, మంచిదో చెడ్డదో ఒక తలుపు ఉంటది. ఇక్కడ పనిచేసే వయసోళ్ళల్ల చానమందికి ఇన్సూరెన్స్ అంటే కొలువుతోని వచ్చేదే, కొలువు పోతే అది కూడ పోతది. నెలనెల జీతంల కోస్తరు, మళ్ళ డిడక్టబుల్ అని ఏడాదిల మొదటి కొన్ని వేల డాలర్లు మనమే పెట్టుకోవాలె, ఆ తర్వాత గూడ డాక్టర్ రాసిన టెస్టుకు కంపెనీ ముందే పర్మిషన్ ఇయ్యాలె, దాన్ని ప్రయర్ ఆథరైజేషన్ అంటరు. మా ఆవిడకు నడుం నొప్పికి డాక్టర్ ఎమ్మారై రాస్తే మా ఇన్సూరెన్సోళ్ళు ముందు ఆరు వారాలు ఫిజియోథెరపీ చేపిచ్చుకోమన్నరు, ఆ ఆరు వారాలు ఆమె పిల్లగాన్ని ఎత్తుకోలేకపోయింది. ఆమెను ఒక్కసారి కూడ చూడనోడు ఎక్కడో కూసోని చెప్పిన మాట అది.

అందుకే కాల్చిన చోట దొరికిన తూటా గొట్టాల మీద డిలే, డినై, డిపోజ్ అని రాసున్నదంటే ఇక్కడ ఎవరికీ అర్థం చెప్పాల్సిన పని పడలే. క్లెయిమ్ లేటు చేసుడు, కాదనుడు, ఇవి ప్రతి ఇంట్ల తెలిసిన మాటలే. యునైటెడ్‌హెల్త్‌కేర్ అంటే 5 కోట్లకు దగ్గర మంది ఉన్న కంపెనీ. మాతృసంస్థ ఫేస్‌బుక్‌ల సంతాపం పెడితే దాని కింద నవ్వే బొమ్మలు వేలకు వేలు పడ్డయి. జనాలు తమతమ రిజెక్షన్ లెటర్లు, కాన్సరొచ్చిన అమ్మల కథలు, బిల్లులు పెట్టిన్రు. నేను ఆ కామెంట్లు రాత్రి రెండింటిదాక చదివిన, నవ్వు తక్కువనే, ఏడుపే ఎక్కువున్నది.

కాని ఇంకోటి కూడ చెప్పాలె. ఇంటర్నెట్ల చూస్తే దేశమంత సంబరపడ్డట్టుండె, అది నిజం కాదు. ఎమర్సన్ కాలేజీ వాళ్ళు ఆ నెలలనే సర్వే చేస్తే ఓటర్లల్ల 68 శాతం ఇది ఒప్పుకునేది కాదన్నరు, 17 శాతం ఒప్పుకోవచ్చన్నరు. 18 నుంచి 29 ఏండ్ల పిల్లల్ల మాత్రం 41 శాతం ఒప్పుకోవచ్చన్నరు. మీ మేనల్లుని వయసు అదే గదా, అందుకని వాడొక్కడే చెడిపోయిండనుకోకు.

ఆ చావుతోనే కంపెనీలు భయపడి మారినయని చానమంది చెప్తరు. ఆంథెమ్ అనే ఇంకో కంపెనీ ఆపరేషన్ల మత్తు ఎంతసేపిస్తరో దానికి లిమిట్ పెడ్తమని చెప్పి, ఆ హత్య జరిగిన మరునాడే ఎనక్కి తీసుకున్నది, దాన్ని చూపెడ్తరు. కాని మత్తు డాక్టర్ల సంఘం నవంబర్ సందే దాని మీద కొట్లాడుతుండె, కనెక్టికట్ రాష్ట్రపోళ్ళు కూడ అడ్డం తిరిగిన్రు. వాళ్ళ కష్టమంత ఈ తుపాకి ఖాతల రాసుడు నాకు న్యాయమనిపియ్యలే.

—

మూసీ_ఒడ్డు:

అన్నా నీకు కడుపుల చల్లగైందంటే నువ్వు తప్పు మనిషివి కాదు, దెబ్బ తిన్న మనిషివి. నేనైతే మొహమాటం లేకుంట చెప్తా. ఒక మనిషి తుపాకితోని చంపితే హత్య, ఒక కంపెనీ సంతకంతోని చంపితే బిజినెస్ ఎట్లైతది? మా చిన్నమ్మ డయాలసిస్ మీదుండె, అప్రూవల్ రాలేదని మూడు రోజులు ఆగినం, నాలుగోనాడు ఆమె లేదు. ఎవరిని అడగాలె? ఎవని పేరు మీద కేసు పెట్టాలె? మన నల్లగొండ జిల్లాల దొరలు గడీలల్ల కూసోని జనాల్ని పీల్చుకతింటే మనోళ్ళు దండాలు పెట్టుకుంట కూసున్నరా? బందూకు పట్టలేదా? అది పోరాటమని పుస్తకాలల్ల చదువుకుంటం, ఇది మాత్రం పాపమా?

—

తుంగతుర్తి_సార్:

బిడ్డా, మీ చిన్నమ్మ సంగతి చదివి శానసేపు ఏం రాయబుద్ధి కాలే. ఆ బాధ మీద నేనొక్క మాట కూడ అనను.

కాని సాయుధ పోరాటం పేరు తీసినవు కాబట్టి చెప్పాలె. మా నాయిన దళంల తిరిగినోడు, నేను రిటైరైన టీచర్ని. ముందుగాల బందూకు రాలే. ఆంధ్రమహాసభ వచ్చింది, ఊరూర సంఘం వచ్చింది, చిట్టీ రాసిచ్చి నాలుగాణాలు కట్టి సభ్యులైన్రు జనం. వెట్టి చెయ్యము అన్నరు, లెవీ ధాన్యం ఇయ్యము అన్నరు, భూమి దున్నుతనే ఉన్నరు. 1946 జులై 4న కడవెండిల ఊరంత ఊరేగింపు తీస్తే విసునూరు దొర మనుషులు కాల్పులు జరిపిన్రు, దొడ్డి కొమరయ్య చచ్చిపోయిండు. అప్పుడు అది మన నల్లగొండ జిల్లానే. ఆ తర్వాత గదా బందూకులు. అంటే ఒక ఊరు కూసోని మాట్లాడుకొని, నిలబడి, దెబ్బలు తిని, ఇగ వేరే తొవ్వ లేదన్నంక ఎత్తిన చెయ్యి అది. న్యూయార్క్‌ల జరిగింది ఒక మనిషి ఎవ్వరినీ అడగకుంట, ఎవ్వరికీ చెప్పకుంట చేసిన పని. రెండూ ఒక్కటేనంటే నేనొప్పుకోను.

ఇంకోటి. మా నాయిన సభల గురించి, పాటల గురించి, అడివిల తిన్న గటక గురించి పొద్దందాక చెప్పేటోడు. చంపినోళ్ళ గురించి మాత్రం ఒక్కనాడు నోరు తెరువలే. చిన్నప్పుడు నేనడిగితే లేచి బయటికి పోయిండు. ఆయన దాన్ని గెలుపు లెక్క ఎన్నడూ చెప్పుకోలే. నల్లగొండ తమ్మీ, నీ మేనల్లునికి నేను చెప్పాలంటే ఈ ముచ్చటే చెప్తా, ఇంకేం చెప్పను.

—

పాలమూరు_అక్క:

నేను హైదరాబాద్‌ల ఒక ప్రైవేట్ దవాఖానల ఇన్సూరెన్స్ డెస్క్ మీద నాలుగేండ్లు పనిచేస్తుంటి. ఇప్పుడు మానేసిన, మహబూబ్‌నగర్‌లనే ఉంటున్న. పైన అందరు మంచి మాటలు రాసిన్రు కాని నాకు తమ్ముడు రాసిన దాంట్ల ఒక్క లైన్ కాడ కన్ను ఆగింది, దానికొస్తా.

మీరు తిట్టేటోళ్ళల్ల నేనొకదాన్ని. రిజెక్ట్ అని స్క్రీన్ మీద వస్తది, అది పోయి చెప్పాల్సింది మాత్రం డెస్క్ మీదున్న 15 వేల జీతపు ఆడపిల్ల. ఒకాయన నా మీద ఫైల్ ఇసిరికొట్టిండు, ఇంకొకాయన కాళ్ళు పట్టుకోబోయిండు. ఇసిరికొట్టినాయన మీద నాకు కోపం రాలే, కాళ్ళు పట్టుకోబోయినాయన మాత్రం ఇప్పటికి కలలకొస్తడు. క్వెరీ మీద క్వెరీ ఏస్తరు, పాత పేపర్లు పంపు, ఫస్ట్ కన్సల్టేషన్ చిట్టీ పంపు, బీపీ ఎన్నేండ్లసందో డాక్టర్ సంతకంతోని పంపు అంటరు, రాత్రి పదైతది, పేషంట్ బట్టలు సర్దుకొని మంచం మీద కూసోని ఉంటడు. 2024 మేల ఐఆర్‌డీఏఐ, అంటే ఇన్సూరెన్స్ కంపెనీల మీదుండే సర్కారు సంస్థ, సర్క్యులర్ ఇచ్చింది, క్యాష్‌లెస్ అడిగితే గంటల చెప్పాలె, డిశ్చార్జికి ఫైనల్ అప్రూవల్ మూడు గంటలల్ల ఇయ్యాలె, అంతకు మించి లేటైతే ఆ ఎక్కువ పడ్డ బిల్లు కంపెనీదే అని. చానమందికి ఈ సంగతి తెల్వదు, తెలిసినోళ్ళు గట్టిగడిగితే మాత్రం పనైతుండె.

మన పాలమూరోళ్ళకు ఇంకో ఎరుక ఉన్నది. 2007 ఏప్రిల్ల ఆరోగ్యశ్రీ మొదలుపెట్టిన మూడు జిల్లాలల్ల మాది ఒకటి. మా ఊర్లె వలసపోయొచ్చినోళ్ళు గుండె ఆపరేషన్ చేపిచ్చుకొని బతికొస్తే దేవుని లెక్క చెప్పుకునేది. ఇప్పుడు 10 లక్షలదాక పెంచిన్రు, కాని దవాఖానలకు బకాయిలు రాలేదని 2025ల సేవలు ఆపేసిన్రు. అంటే ప్రైవేటోడు కాదన్నా, సర్కారోడు ఇయ్యకున్నా నడుమ నలిగేది మంచం మీదున్నోడే.

ఇగ తమ్మీ, నీ సంగతి. పాలసీ 2018 ఆగస్టు అన్నవు, స్టెంట్లు 2024 అక్టోబర్ అన్నవు, నడుమ తెగలేదన్నవు. అంటే 74 నెలలు. 60 నెలలు తెగకుంట కట్టినంక, చెప్పలేదు దాచిపెట్టిన్రు అని క్లెయిమ్ కాదనడానికి లేదు, మోసం చేసిన్రని వాళ్ళు రుజువు చేస్తే తప్ప. దీన్ని మారటోరియం అంటరు. ముందు ఎనిమిదేండ్లుండె, 2024 ఏప్రిల్ సంది ఐదేండ్లు చేసిన్రు. నాయిన దాచిండా లేదా అన్న ముచ్చటనే ఇక్కడ అవసరం లేదు. మోసం అని ఆ లెటర్ల ఎక్కడన్న రాసిన్రా? లేకపోతే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్, అంటే కంపెనీల మీద ఫిర్యాదులు తీర్చేటాయన, కాడికి పో, హైదరాబాద్‌ల లక్డీకాపూల్ దిక్కు ఉంటది ఆఫీసు. ఫీజు లేదు, వకీల్ అవసరం లేదు, 50 లక్షలదాక వింటరు. కాని గ్రీవెన్సోళ్ళు కాదన్న రోజు నుంచి ఏడాది లోపల పెట్టాలె. నీకు డిసెంబర్ 5 అన్నవు. ఇంక రెండు నెలలే ఉన్నది, పండుగ కాంగనే పో.

—

మూసీ_ఒడ్డు:

సార్, మీ నాయిన సంగతి చదివినంక జెర ఆలోచించిన. మీరు చెప్పిన తేడా అర్థమైంది. అయినా ఆ సీఈఓ కోసం నాకు దుఃఖం రాలే, రాకపోతే వచ్చిందని రాయలేను. అక్కా, మా చిన్నమ్మది కూడ చెప్తా, మూడేండ్లైంది, ఇప్పుడేమన్న అయితదా?

—

పాలమూరు_అక్క:

తమ్మీ, మూడేండ్లంటే అంబుడ్స్‌మన్ కాడ కాదు. వినియోగదారుల కమిషన్‌కు రెండేండ్లే గడువు, లేటుకు కారణం చెప్పి మాఫీ అడుగొచ్చు, ఒప్పుకునుడు మాత్రం కష్టం. కాగితాలు ఉన్నయా ముందు చూడు, ఉంటే ఎవరన్న వకీల్‌కు ఒక్కసారి చూపెట్టు. నీకు మంచి మాట చెప్పాలని ఉన్నది కాని లేని ఆశ పెట్టను.

—

నల్లగొండ_బిడ్డ:

అందరికి దండాలు. అక్కా, మీరు రాసింది నిన్న రాత్రి చదివి లెటర్ బయటికి తీసిన. మోసం అన్న మాట ఎక్కడా లేదు, "వెల్లడించలేదు" అనే ఉన్నది. నాయినకు చదివి వినిపించిన. 60 నెలల సంగతి రెండుసార్లు చెప్పిచ్చుకున్నడు, తర్వాత లేచి ఇనుప పెట్టెల నుంచి ఆరేండ్ల ప్రీమియం రసీదులన్ని తీసిండు, రబ్బరు బ్యాండ్ ఏసి దాచిపెట్టిండు ఒక్కటి పోకుంట.

సార్, మీ నాయిన ముచ్చట మా పిల్లగానికి చదివిపిచ్చిన. ఏమనలే. డీపీ గూడ మార్చలే, నేను అడగలే. కాని అంబుడ్స్‌మన్ ఫారం ఫోన్ల వాడే నింపుతుండు ఇప్పుడు, తాత పాలసీ నంబర్ ఒక్కొక్క అంకె చదువుతుంటే.

సూర్యాపేట అన్నా, మీ ఇంట్ల ఆమెకు ఇప్పుడు నయమేనా?

అక్కా ఒక్కటి అడగాలె, దవాఖాన నుంచి పూర్తి కేస్ షీట్ కావాలె గదా, నాయిన సంతకంతోని కాగితం తీస్కపోతే ఇస్తరా, ఆయననే తీస్కపోవాలెనా? బస్సుల అంత దూరం ఆయన కూసోలేడు.

—

పాలమూరు_అక్క:

ఆయనను తిప్పకు. సంతకం పెట్టిన దరఖాస్తు, ఆయన ఆధార్ జిరాక్స్, నీ ఆధార్ జిరాక్స్, డిశ్చార్జి సమ్మరీ తీస్కపో. బిల్లింగ్ కాడ అడగకు, మెడికల్ రికార్డ్స్ రూమ్ ఎక్కడని అడుగు. అడిగిన 72 గంటలల్ల ఇయ్యాలె అని రూల్ ఉన్నది, దరఖాస్తు రెండో కాపీ మీద స్టాంప్ ఏపిచ్చుకో. కేస్ షీట్ల బీపీ ఎన్నేండ్లసంది అని డ్యూటీ డాక్టర్ ఏం రాసిండో మొదలు అది చూసి నాకు ఇక్కడ రాయి.