రిఫ్లెక్టివ్ జర్నల్ తెలుగులో రాయాలంటే మాటలు దొరకట్లేదు

బీఈడీ_రెండో_ఏడు:
అందరికీ నమస్తే. ఇంటర్న్‌షిప్‌లో ఆరో తరగతికి లెక్కలు చెబుతున్నాను. పాఠం అయ్యాక రిఫ్లెక్టివ్ జర్నల్ (క్లాసు ఎలా నడిచిందో, దాన్నుంచి నాకేం తెలిసిందో రాసుకునే డైరీ) రాయాలి కదా, మూడు వారాలుగా రాసిందే రాస్తున్నాను: "ఈ రోజు భిన్నాల సంకలనం బోధించబడింది. విద్యార్థులు ఉత్సాహంగా పాల్గొన్నారు." మా మేడమ్ ఎర్ర సిరాతో "ఇందులో నువ్వెక్కడ?" అని రాసిచ్చారు. నిజానికి ఆ రోజు క్లాసు ఘోరంగా నడిచింది, సగం మంది 1/3 + 1/4 = 2/7 అని వేశారు. అది ఎలా రాయాలో తెలియక ఉత్సాహం అని రాసేశాను. ఇలాంటివి రాయడానికి పనికొచ్చే పదాలు, వాక్యాలు చెప్తారా? టెన్షన్‌గా ఉంది.

పాత_లెక్కల_మాస్టారు:
ముందు ఆ "బోధించబడింది" కొట్టేయండి. ఎవరు బోధించారు, మీరే కదా! "చెప్పాను" అనండి. తర్వాత "అనుకున్నాను", "తీరా చూస్తే" అనే రెండు మాటలు పట్టుకుంటే సగం జర్నల్ అయిపోయినట్టే. "క.సా.గు. అప్పటికే చెప్పేశాను కాబట్టి ఇట్టే అందుకుంటారనుకున్నాను, తీరా చూస్తే పైవి పైవాటితో, కిందవి కిందవాటితో కూడేశారు." మీ అంచనా ఒకటి, జరిగింది ఇంకొకటి, ఆ రెంటికీ తేడా ఎందుకొచ్చిందో రాస్తే చాలు. "అనిపించింది" మాత్రం ప్రతి వాక్యానికీ తగిలించకండి. "అనుకున్నాను" అంటే ఆ అంచనా నాదేనని ఒప్పుకున్నట్టు, "అనిపించింది"లో కాస్త తప్పించుకునే వీలుంది.

తెలుగు_టీచర్:
మాస్టారి మాటకి నాదీ ఓటు. "గ్రహించితిని" లాంటివి అసలు వద్దు. మనకి మంచి క్రియలే ఉన్నాయి: ఉన్నట్టుండి బుర్రలో మెరిస్తే "తట్టింది", మెల్లగా తెలిస్తే "బోధపడింది", దెబ్బ తిన్నాక తెలిస్తే "తెలిసొచ్చింది". అన్నిటికీ "అర్థమైంది" అని పెడితే ఈ తేడా పోతుంది. చేయనివాటి గురించైతే "అడిగి ఉంటే బాగుండేది", "అలా అనకుండా ఉండాల్సింది". ఇంకోటి, భావాలు రాయమంటే అందరూ "ఆనందం కలిగింది" అంటారు. విసుగొస్తే విసుగొచ్చిందనే రాయండి, మార్కులేం పోవు.

నిరుటి_బ్యాచ్:
జర్నల్ రాయడానికి మాకు గిబ్స్ చక్రం అనే పద్ధతి ఇచ్చారు, 1988 నాటిది: జరిగింది, భావాలు, మంచిచెడ్డలు, విశ్లేషణ, ముగింపు, ఇకపై ఏం చేస్తాం. ఆరు మెట్లు బాగానే ఉంటాయి గానీ నేను ఆరు హెడ్డింగులు పెట్టి ఒక్కోదాని కింద రెండేసి వాక్యాలు నింపేదాన్ని, చదివితే అప్లికేషన్ ఫారంలా ఉండేది. విశ్లేషణ దగ్గర ఎక్కువసేపు ఆగండి, మిగతావి రెండు ముక్కల్లో తేల్చేసినా ఫర్వాలేదు.

బీఈడీ_రెండో_ఏడు:
అందరికీ థాంక్స్! ఇలా రాశాను చూడండి: "2/7 అన్న అబ్బాయిని, ఎలా వచ్చిందని అడక్కుండా తుడిచేయమన్నాను. టైమ్ అయిపోతోందని విసుగొచ్చింది. ఇంటికొచ్చాక తట్టింది, 2/7 అంటే 1/3 కన్నా తక్కువ! కూడితే తగ్గడమేంట్రా అని అడిగి ఉంటే తప్పెక్కడుందో వాడే చెప్పేవాడు. రేపు రొట్టె ముక్కలు చేసి చూపించాకే క.సా.గు. జోలికి వెళ్తాను."

తెలుగు_టీచర్:
బాగుంది, ఇందులో మీరు కనిపిస్తున్నారు. మేడమ్‌కి ఇచ్చే ముందు "వాడే" అన్నది "ఆ అబ్బాయే" అని మార్చండి, "ఏంట్రా" ఉంచేయండి.