అప్‌డేట్: మా ఆయన లాగోస్ ప్రయాణం

కంపెనీ పని మీద మా ఆయన్ని నైజీరియా పంపుతున్నారు, క్షేమమేనా అని అడిగాను కదా. క్షేమంగా తిరిగొచ్చారు. సలహాలిచ్చిన అన్నలకు, అక్కలకు చాలా థ్యాంక్స్.

అన్నిటికంటే పనికొచ్చింది నైజీరియా ఉత్తరాన ఉన్న కడూనా ఊరి గురించి మీరు చెప్పిన మాట. రాజధాని అబుజా నుంచి అక్కడికి కారులో వెళ్లాలని మొదటి ప్లాన్. ఆ దారిలో కిడ్నాప్‌లు ఎక్కువని, 2022 మార్చిలో అదే మార్గంలో రైలు మీదే దాడి చేసి ప్రయాణికుల్ని ఎత్తుకెళ్లారని ఎవరో రాశారు. అది చూపించి ఆయన మేనేజర్‌తో మాట్లాడారు. ఆ ట్రిప్ మానేసి, అక్కడి ఇంజనీర్లనే లాగోస్‌కు పిలిపించారు. ఇలాంటివి అడగడానికి మొహమాటపడకండి, ప్రాణం కంటే మీటింగ్ ఎక్కువ కాదు.

ఫ్లైట్ పగలు దిగేలా మార్పించుకున్నారు. ఎయిర్‌పోర్టు ఇకెజాలో, హోటల్ విక్టోరియా ఐలాండ్‌లో. రెండూ లాగోస్‌లోనివే, కానీ ఒకదానికొకటి దూరం. ఆ ట్రాఫిక్‌లో చీకటి పడితే ప్రమాదం. డ్రైవర్ ఫోటో, కారు నంబరు ముందే తెప్పించుకుని, సరిచూసుకున్నాకే ఎక్కారు. రాత్రిళ్లు బయటికి వెళ్లలేదు. అబుజాలోని మన హైకమిషన్ నంబర్లు కాగితం మీద కూడా రాసి జేబులో పెట్టాను.

ఎల్లో ఫీవర్ టీకా హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేయించాం. సర్టిఫికెట్ 10 రోజుల తర్వాతే చెల్లుతుంది, అది లేకుండా తిరిగొస్తే ఇక్కడ క్వారంటైన్‌లో పెట్టొచ్చు. కాబట్టి చివరి వారానికి వదిలేయకండి.

రోజూ రాత్రి ఫోన్ వచ్చేదాకా టెన్షనే. వచ్చే ఏడాది మళ్లీ వెళ్లాలంటున్నారు, ఈసారి నైజీరియాలోనే పోర్ట్ హార్‌కోర్ట్ అనే ఊరికి. అక్కడ ఉన్నవాళ్లెవరైనా ఉంటే చెప్పండి.