సమస్య: కాలు దాచువాఁడె ఘనుఁడు గాదె

కపిలతీర్థం (నిర్వాహకుడు):
పులికాట్ సరస్సులో అటకానితిప్ప దగ్గర తీసిన ఫొటో ఒకటి పులికాట్ పంతులు గారు నిన్న పంపించారు. ఇసుకలో సీగల్ పక్షులు వరసగా నిలబడి ఉన్నాయి, అన్నీ గాలికి ఎదురుగా, అన్నీ ఒంటికాలి మీద. రెండో కాలు ఎక్కడ పెట్టుకున్నాయో ఫొటో ఎంత పెద్దది చేసి చూసినా కనబడలేదు. అప్పుడు నోట్లోంచి ఊడిపడ్డ పద్యపాదం ఇది, చివరి పాదంగా పట్టుకోండి:

కాలు దాచువాఁడె ఘనుఁడు గాదె

కొంగజపం, దొంగసన్యాసి పూరణలు మాత్రం వద్దు. చదివి చదివి విసుగొచ్చింది.

పులికాట్ పంతులు:
ఫొటో నాది కాబట్టి బోణీ కూడా నాదే.

ఈక లేని కాలు నెత్తి పొట్టకు నొత్తి
వెచ్చ నిలుపుకొనును వేకువలను
చలికి నోర్వఁజాలు జలపక్షి సంఘాన
కాలు దాచువాఁడె ఘనుఁడు గాదె

వీటి కాళ్ళకు ఈకలుండవు, ఒంట్లో వేడి జారిపోయే దారి అదే. అందుకే కాలిలోకి వెచ్చని రక్తం తెచ్చే ధమనులు, పాదం నుంచి చల్లని రక్తం పైకి తెచ్చే సిరలు ఆనుకుని ఉంటాయి, దిగే వేడిలో చాలా భాగం పాదం దాకా పోకుండానే ఎక్కే రక్తంలోకి మళ్ళిపోతుంది. అయినా కొంత పోతుంది కదా, ఒక కాలు పొట్ట ఈకల్లో దోపుకుంటే ఆ మేరకు మిగిలినట్టే.

చిత్తూరు బెల్లం:
పంతులు గారూ, పద్యం బాగుంది, పాఠం ఇంకా బాగుంది. కానీ “చలికి నోర్వఁజాలు” అన్నారే, చలికి ఓర్చుకునేదానికి కాలు దాచుకునే ఖర్మేంది సామీ? అయినా పులికాట్‌లో చలెక్కడుంది, సంక్రాంతికి కూడా ఫ్యాన్ వేసుకుంటారు అక్కడ.

పులికాట్ పంతులు:
ఓర్చుకునే ఉపాయమే అది కదప్పా! ఫిలడెల్ఫియా జూలో ఫ్లెమింగోలను లెక్కపెట్టి చూశారు, చలి పెరిగేకొద్దీ ఒంటికాలి మీద నిలిచేవి పెరిగాయి, ఎండెక్కితే తగ్గాయి. గట్టు మీదకంటే నీళ్ళలో ఉన్నప్పుడు ఎక్కువ, ఎందుకంటే నీళ్ళు ఒంటివేడిని గాలికంటే తొందరగా లాగేస్తాయి. తెల్లారుజామున మోకాలి లోతు నీళ్ళలో ఒకసారి నిలబడి చూడండి, ఫ్యాన్ సంగతి అప్పుడు మాట్లాడుకుందాం. “పాలు పట్టె గువ్వ పాప నెత్తి” సమస్యప్పుడూ మీరు ఇట్లాగే ఎగతాళి చేశారు, గువ్వ పాలిస్తుందా అని.

చిత్తూరు బెల్లం:
నా పూరణలో గువ్వ అనేది పిల్ల పేరు. దానికి వచ్చిన లైకులు ఇంకా మరిచిపోలేకపోతున్నట్టున్నారు.

పులికాట్ పంతులు:
పావురాలు నిజంగానే పిల్లలకు పాలు పడతాయి, గొంతు కింది మేతసంచిలో ఊరతాయవి, ఆడదానికే కాదు మగదానికీ. ఉన్న విడ్డూరాన్ని వదిలేసి మీరు పిల్లకు పేరు పెట్టుకున్నారు, అదీ నా బాధ.

కపిలతీర్థం (నిర్వాహకుడు):
గువ్వ సంగతి ఆ చర్చ దారంలోనే తేల్చుకోండి. ఇక్కడ కాలు.

చిత్తూరు బెల్లం:
సరే, ఇదిగో కాలు. పక్షులు ఆయనకే వదిలేశా.

మూడు నడుగు లడిగి మురిపించి బలిముందు
పొట్టివడుగు నింగి ముట్టువేళ
నంతవఱకు నెవరు నరయకుండఁగ నట్టి
కాలు దాచువాఁడె ఘనుఁడు గాదె

చంద్రగిరి కోట:
అబ్బ! ఆకాశమంత కాలును అంత చిన్న ఒంట్లో దాచుకున్నవాడు. కొండ కింద కూర్చుని ఈ ఊహ మనకెవరికీ రాలేదు, సిగ్గుపడాలి. రెండో పాదంలో పొట్టికి ముట్టుతో ప్రాసయతి కూడా హాయిగా పడింది. కానీ బెల్లం గారూ, “మూడు నడుగు” ఏంది? ఉత్తుకు అచ్చు పరమైతే సంధి నిత్యం, మూడడుగు అయి తీరాలి. ఆ “న” గణం నింపడానికి అరువు తెచ్చుకున్నదని తెలిసిపోతా ఉంది.

పుత్తూరు కట్టు:
విరిగితే మా దగ్గరకే కదా రావాలి. “మూడె యడుగు లడిగి” అనండి. ఒక్క అక్షరానికి కట్టు, పైగా మూడే అడుగులు అన్న కొసరు కూడా కలిసొస్తుంది.

చిత్తూరు బెల్లం:
మార్చేశాను. కోట గారు నాలుగు పాదాల్లో ఆ ఒక్క “న” దగ్గరే కాపురం పెట్టినందుకు ధన్యవాదాలు.

స్వర్ణముఖి:
అందరూ కాలు పట్టుకున్నారు, నేను ఇంకాస్త పైకి పోతా.

వెనుక వంగుచున్న వింత కీ లది చీల
మండ సుమ్ము, గరుల మాటుచేసి
గుట్టుగాను నిలుచు కొంగలయందు మో
కాలు దాచువాఁడె ఘనుఁడు గాదె

చంద్రగిరి కోట:
మో!! రెండుసార్లు చదివితే గానీ దొరకలేదు. సమస్యలో ఒక్క అక్షరం కదపకుండా కాలును మోకాలు చేసేశారు, స్వర్ణక్కకు దండం.

పులికాట్ పంతులు:
చమత్కారం ఒక్కటే కాదండీ, శాస్త్రం కూడా సరిగ్గా కూర్చుంది. పక్షికి మోకాలు వెనక్కి వంగుతుందని బడిలో కూడా చెప్పేస్తారు. వంగేది చీలమండ. అసలు మోకాలు పైన పొట్ట పక్కన, ఈకల్లో ఉంటుంది, బయటికి కనబడదు. ఒంటికాలి గుట్టు కూడా కొంత అక్కడే ఉంది. అట్లాంటాలో యంగ్-హ్యూయ్ చాంగ్, లీనా టింగ్ అనే శాస్త్రవేత్తలు చచ్చిపోయిన ఫ్లెమింగోను ఒంటికాలి మీద నిలబెట్టి చూశారు, 2017లో అచ్చయింది. కండరం పనిచేయకుండానే నిలబడింది! కాలు ఒంటి మధ్యకు వాలేసరికి పైబరువుకే కీళ్ళు బిగుసుకుంటాయి. రెండు కాళ్ళ భంగిమలో పెడితే అట్లా నిలవలేదు. మనం ఒంటికాలి మీద నిలబడటం తపస్సు అనుకుంటాం, దానికి అది కునుకు తీసే పద్ధతి.

చిత్తూరు బెల్లం:
అక్కా, పద్యం అదిరింది, ఒప్పుకుంటా. కాకపోతే ఫ్లెమింగో కొంగ కాదు, సీగల్ అసలే కాదు, పంతులు గారు మీకైతే ఆ సంగతి అడగరు.

స్వర్ణముఖి:
కొంగకు మాత్రం మోకాలు బయట ఉంటుందా తమ్ముడూ?

పులికాట్ పంతులు:
ఉండదు. ఇంకొకటి, ఆ సీగల్ దగ్గరికి నేను మెల్లగా నడుచుకుంటూ పోతే దాచిన కాలు దించకుండానే ఒంటికాలితో నాలుగు గెంతులు గెంతి మళ్ళీ నిలబడింది. పక్కనున్నాయన పాపం కుంటిది అన్నాడు. ఇంకో అడుగు వేశానో లేదో రెండో కాలు బయటికొచ్చింది, ఎగిరిపోయింది.

చిత్తూరు బెల్లం:
మో పెట్టడం అంత గొప్పయితే నేను పై పెడతా.

చెఱకు గానుగాడి చేతికి వచ్చిన
సొమ్ము ఖర్చు చేయ సులభ మయ్య
మండివారి చూపు మఱలించి కొంత పై
కాలు దాచువాఁడె ఘనుఁడు గాదె

చంద్రగిరి కోట:
పైకాలు! ఊళ్ళో పైకం అంటారు గానీ పైకాలు అన్నవాణ్ణి చూడలేదు, పైగా “కొంత పైకాలు”. కొంత అయితే పైకం, పైకాలయితే కొన్ని. బెల్లం మండిలో లెక్కలు ఇట్లాగే రాస్తారా?

పుత్తూరు కట్టు:
దీనికి నా దగ్గర కట్టు లేదు.

కపిలతీర్థం (నిర్వాహకుడు):
మో కే నా ఓటు, వామనుడు రెండోది. పంతులు గారి పద్యం కంటే కింద రాసిన వచనం బాగుంది, ఏమనుకోకండి.

చిత్తూరు బెల్లం:
మొదట్నుంచీ నేను చెప్తా ఉండేది అదే.

పుత్తూరు కట్టు:
గొడవ అయిపోయిందా? ఆ గువ్వపాల దారం లింకు ఎవరైనా పెట్టండప్పా, నేను అప్పటికి చేరలేదు.