మొబైల్ హోమ్ పార్కు స్థలాన్ని పార్కుగానే ఉంచాలనడం న్యాయమేనా? (మొబైల్ హోమ్ కొనబోతున్నాం)

వాకిలి: కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో ఒక మొబైల్ హోమ్ (ఫ్యాక్టరీలో కట్టి, ఇలాంటి ఇళ్ల కోసమే ఉన్న పార్కులో తెచ్చి నిలబెట్టే ఇల్లు) చూశాం, రెండు బెడ్‌రూమ్‌లు, ధర మామూలు ఇంటి ధరలో నాలుగో వంతు కూడా లేదు. ఇల్లు మనది, కింద నేల పార్కు ఓనర్‌ది, నెలనెలా స్పేస్ రెంట్ కట్టాలి. రేపు ఆయన పార్కు మూసేసి అపార్ట్‌మెంట్లు కట్టుకుంటానంటే మా గతేంటి? 2020లో సిటీ కౌన్సిల్ రెండు పార్కుల స్థలాన్ని జనరల్ ప్లాన్‌లో (ఊళ్లో ఏ భూమి దేనికి వాడాలో చెప్పే ప్లాన్) ప్రత్యేకంగా మొబైల్ హోమ్ పార్కు అని గుర్తించింది. ఇక అక్కడ వేరేది కట్టాలంటే ముందు కౌన్సిల్‌తో ప్లాన్ మార్పించుకోవాలి. మావారేమో ఊళ్లో ఉన్న ప్రతి పార్కుకీ ఇలాగే చేయాలంటారు. నాకేమో ఒకరి భూమి మీద అంత పట్టు సబబేనా అని.

రెండెకరాలు: సబబు కాదు. మా ఊళ్లో మాకు రెండెకరాలుంది, మాస్టర్ ప్లాన్‌లో కన్జర్వేషన్ జోన్‌లో (లేఅవుట్లు వేయనివ్వని చోట) పడింది. రోడ్డవతల లేఅవుట్ వేసి గజాల్లో అమ్ముతున్నారు, మాది ఇంకా ఎకరాల్లోనే ఉంది. మ్యాప్ మీద రంగు వేసినవాడికి ఏం పోయింది? ఊళ్లో పేదలకి ఇళ్లు కావాలంటే ఊరంతా డబ్బు పెట్టాలిగానీ ఒక్క ఓనర్ నెత్తిన రుద్దితే ఎలా?

పాత కాపు: నేను పదకొండేళ్లుగా పార్కులోనే ఉంటున్నాను. ముందు ఆ ‘మొబైల్’ అన్న మాట నమ్మకండి. పోయినేడు నీళ్ల పైపు లీకైతే చుట్టూ ఉన్న స్కర్టింగ్ రేకు విప్పి టార్చ్ పట్టుకుని కిందకి దూరాను. ఇనుప చట్రం, దాని కింద కాంక్రీట్ దిమ్మలు, చక్రాల జాడే లేదు. దీన్ని కదపాలంటే రెండుగా విడదీసి లారీల మీద ఎక్కించాలి. సరే, ఎక్కించాం, తీసుకెళ్లి ఎక్కడ పెట్టాలి? 1976 జూన్ 15కి ముందు తయారైన ఇంటికి ప్రమాణాల ప్రకారం కట్టారని అమెరికా కేంద్ర ప్రభుత్వం వేసే ముద్ర ఉండదు, అలాంటివాటిని చాలా పార్కులు రానివ్వవు. కొత్త పార్కులా, ఈ చుట్టుపక్కల ఎవరూ కట్టడం లేదు. కౌలు పొలం పోతే పంట కోసుకుని పోవచ్చు అన్నా, మేం ఇల్లు కోసుకుని పోలేం.

లెక్కల మాస్టారు: శాన్ హోసే దగ్గర్లోని పాలో ఆల్టోలో బ్యూనా విస్టా పార్కు సంగతి గుర్తు చేస్తాను. ఆ ఊరికి ఉన్న ఒకే ఒక్క మొబైల్ హోమ్ పార్కు, సుమారు 400 మంది ఉండేవారు. మూసేస్తానని ఓనర్ 2012లో చెప్పారు, 2015లో సిటీ కూడా సరేనంది. చివరికి 2017లో కౌంటీ (మన జిల్లా లాంటిది) హౌసింగ్ అథారిటీ 4.04 కోట్ల డాలర్లకు కొంది, అందులో సిటీ, కౌంటీ చెరో 1.45 కోట్లు వేసుకున్నాయి. అంటే రెండెకరాలు గారన్నట్టు ఊరే డబ్బు పెట్టింది. కానీ మధ్యలో ఆ అయిదేళ్లూ అక్కడివాళ్లు మూటాముల్లె సర్దుకోవాలా వద్దా తెలియక ఎంత టెన్షన్ పడుంటారో! అందుకే నా ఓటు జోనింగ్‌కే, అంటే ఈ స్థలం పార్కుకే అని ప్లాన్‌లో ముందే రాసేయడానికే. ఎప్పుడూ ఎవరో ఒకరు వచ్చి కొంటారని కూర్చోలేం కదా.

రెండెకరాలు: చూశారా, అక్కడ ఓనర్‌కి ధర ముట్టింది. నేనడిగేదీ అదే. కొనండి, కాదనను. ఊరికే గీత గీసి వెళ్లిపోతే మాత్రం ఒప్పుకోను.

పాత కాపు: ఊరికే ఎందుకవుతుంది? స్పేస్ రెంట్ నెలనెలా వస్తూనే ఉందిగా, ఏటా పెరుగుతోంది కూడా. 2020లో కాలిఫోర్నియా రాష్ట్రం చేసిన చట్టం ప్రకారం పార్కు మూసేటప్పుడు, మరో పార్కులో సరైన చోటు దొరకనివాళ్లకి ఇల్లు ఉన్నచోట ఉన్నట్టుగా ఎంత పలుకుతుందో అంత కట్టాలి. నన్నడిగితే ఇది జోనింగ్ కన్నా గట్టి తాడు.

వాకిలి గారూ, కొనే ముందు రెండు చూసుకోండమ్మా. మీ స్పేస్ సిటీ రెంట్ ఆర్డినెన్స్ (అద్దె పెంపుకి హద్దు పెట్టే సిటీ చట్టం) కిందకి వస్తుందా అని అడగండి. 1979కి ముందు నుంచి ఉన్న స్పేస్‌లకైతే ఏటా పెంపు ధరల సూచీ పెరిగినదాంట్లో 75 శాతం, అది 3 శాతానికి తగ్గదు, 7 శాతానికి మించదు. రెండోది, ముందు వరండా మూసి గది చేసి ఉంటే దానికి పర్మిట్ చూపించమనండి. చాలా పార్కుల్లో ఆ పర్మిట్లు చూసేది సిటీ కాదు, రాష్ట్ర హౌసింగ్ శాఖ. మా పక్కింటాయన పర్మిట్ లేని గది ఉన్న ఇల్లు కొని, చివరికి ఆ గది తన ఖర్చుతోనే పీకించుకున్నాడు.

వాకిలి: అయ్యో, మేం చూసినదాంట్లో సరిగ్గా అలాంటి గదే ఉంది. మావారు దాన్ని ఆఫీసు రూమ్ అని అప్పుడే ఖాయం చేసేసుకున్నారు. ఆదివారం టార్చ్ తీసుకుని మళ్లీ వెళ్తాం.