ఆటిజం ఉన్న మా అమ్మాయి పది పాసైంది. ఇంటరా, పనా?

ప్రశ్న: కర్నూలు నుంచి ఒక తల్లి

నమస్కారం. మాది కర్నూలు, సి.క్యాంపు దగ్గర ఉంటాం. మా అమ్మాయికి పదిహేడేళ్లు, ఆటిజం ఉంది. ఈ ఏడాది పదో తరగతి పాసైంది. అడిగినదానికి ఒకటి రెండు మాటల్లో జవాబిస్తుంది, అంతకు మించి మాట్లాడదు. తెలుగు టైపింగ్ మాత్రం చక్కగా వచ్చు. వాళ్ల నాన్న దుకాణం సరుకుల పట్టికలన్నీ తనే కొడుతుంది. ఎక్కడ ఒక్క గుణింతం తప్పినా ఊరుకోదు. కుక్కర్ విజిల్ వినబడితే చెవులు మూసుకుని వెనక గదిలోకి వెళ్లిపోతుంది.

చిన్నప్పటి నుంచి ఒకే బడి, అదే ఆయమ్మ, అదే బెంచీ. ఇకపై అవేవీ ఉండవు. ఇంటర్ కోసం ఒక ప్రైవేటు కాలేజీకి వెళితే, పొద్దున నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లు ఉంటాయని, మిగతా పిల్లల చదువు చెడుతుందని చెప్పి పంపించేశారు. బంధువులేమో ఇక చదువెందుకు, పెళ్లి చేస్తే అన్నీ సర్దుకుంటాయి అంటున్నారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. తను ఒక పని చేసుకుని, తన డబ్బు తనే లెక్కపెట్టుకోవాలని నా కోరిక. ఇంటర్ చదివించాలా, పని నేర్పించాలా? ఈ దారిలో ముందు నడిచినవాళ్లు చెప్పండి.

జవాబు: అనంతపురం నుంచి ఒక తండ్రి

చెల్లెమ్మా, మా అబ్బాయికి ఇరవై రెండేళ్లు. ఇక్కడ ఒక జిరాక్స్ షాపులో స్పైరల్ బైండింగ్ చేస్తాడు.

ఇంటరా, పనా అని అడిగారు. ఆ రెండిటికన్నా ముందు చూసుకోవలసినవి ఉన్నాయి. ఒక్కతే బస్సెక్కి సరైన చోట దిగగలదా? చిల్లర సరిచూసుకోగలదా? నెలసరి రోజుల్లో బయట ఉంటే తనను తాను చూసుకోగలదా? తెలియని మనిషి చేయి పట్టుకుంటే వద్దు అని గట్టిగా అనగలదా? ఇవి వచ్చాకే కాలేజీ అయినా, పని అయినా. బస్సు విషయంలో మేము మొదట వాడి పక్కనే కూర్చున్నాం, తర్వాత వెనక సీటుకు మారాం, ఆ తర్వాత బస్సు వెనక బండి మీద వెళ్లాం. ఇప్పుడు వాడే వెళ్లివస్తున్నాడు.

పని ఇచ్చేవారికి ఆటిజం అన్న మాట ఒక్కటే చెబితే ఏమీ అర్థం కాదు. నేను ఒక కాగితం మీద రాసిచ్చాను. ‘కొంచెం సర్దు’ అంటే వాడికి తెలియదు, ‘ఈ పుస్తకాలు పై అరలో నిలబెట్టు’ అని చెప్పండి. ఒక పని ముగిశాకే ఇంకొకటి చెప్పండి. తొందరపెట్టి అరిస్తే చేతులు ఆగిపోతాయి. భోజనం వేళ మారితే పొద్దున్నే చెప్పండి. ఆ కాగితం మిషను పక్కన గోడకు అంటించి ఉంది. ఫోను ఎత్తడం, బేరాలు వాడికి అప్పగించరు. జేఎన్‌టీయూ పిల్లలు ప్రాజెక్టు రిపోర్టులతో బారులు తీరే రోజుల్లో వాడు లోపల కూర్చుని ఒకే వేగంతో చుట్టలు ఎక్కిస్తూ ఉంటాడు. ఒక్క పేజీ తలకిందులైనా పట్టేస్తాడు. యజమాని వాడిని ఉంచుకున్నది అందుకే, జాలిపడి కాదు.

ఒక్క మాట గట్టిగా చెబుతాను. కొందరు తల్లిదండ్రులు యజమాని చేతికి తామే డబ్బిచ్చి, పిల్లలకు జీతంగా ఇప్పిస్తుంటారు. దయచేసి ఆ పని చేయవద్దు. ఎంత తక్కువైనా జీతం షాపు గల్లాపెట్టెలోంచే రావాలి. లేకపోతే ఆ పని నిజంగా అక్కరకు వస్తోందా అన్నది మీకూ తెలియదు, యజమానికీ తెలియదు. మనం లేని రోజున ఆ జీతమూ ఉండదు.

జవాబు: కడప నుంచి ఒక ప్రత్యేక ఉపాధ్యాయురాలు

అమ్మా, సదరం సర్టిఫికెట్ (వైకల్యం ఎంత శాతమో చెప్పే ప్రభుత్వ ధ్రువపత్రం), యూడీఐడీ కార్డు (వికలాంగులకు దేశమంతా చెల్లే గుర్తింపు కార్డు) ఉన్నాయా? లేకపోతే మీ వార్డు సచివాలయంలో అడిగి సదరం వైద్య పరీక్షకు స్లాటు తీసుకోండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని గుర్తించింది. వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతం సీట్ల రిజర్వేషన్ వర్తిస్తుంది. ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం ఉంది. అందులో ఒక శాతం ఆటిజం, మేధో వైకల్యం, మానసిక అనారోగ్యం వంటివన్నీ కలిపి. ఏ పోస్టు ఎవరికి వర్తిస్తుందో జాబితా ఉంటుంది, దరఖాస్తుకు ముందే చూడండి.

ఆ కాలేజీ కాదంటే ఇంటర్ ఆగిపోదు. ఇంటి దగ్గర చదువుకుని పరీక్షలు రాసే జాతీయ సార్వత్రిక విద్యా సంస్థలో (ఎన్‌ఐఓఎస్) ఒకసారి చేరితే ఐదేళ్ల గడువు ఉంటుంది. సబ్జెక్టులు ఒక్కొక్కటిగా రాసుకోవచ్చు. డేటా ఎంట్రీ ఆపరేషన్స్ అనే సబ్జెక్టే ఉంది, టైపింగ్ వచ్చిన పిల్లకు బాగుంటుంది. పరీక్షలో గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం అడగండి, కేంద్ర మార్గదర్శకాల్లో ఉంది.

పద్దెనిమిది నిండితే తను మేజర్. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ ఆధ్వర్యంలోని స్థానిక కమిటీ సంరక్షకులను నియమించవచ్చు. కానీ అందరికీ అది అవసరం లేదు. ముందు తన పేరున బ్యాంకు ఖాతా తెరిపించండి, సంతకం తనతోనే పెట్టించండి.

జవాబు: అనంతపురం నుంచి ఒక డిగ్రీ విద్యార్థి

నాకు ఆటిజం ఉంది. ఇక్కడ అందరూ తనకు ఏం నేర్పాలో చెప్పారు. తనకేం కావాలో ఎవరూ అడగలేదు. టైపింగ్ వచ్చు కదా, ప్రశ్న టైప్ చేసి ఇవ్వండి. జవాబుకు రెండు రోజులు ఆగండి, మధ్యలో గుర్తుచేయవద్దు.

కాలేజీలో నాకు పాఠాలు కష్టం కాలేదు. పీరియడ్ లేనప్పుడు ఎక్కడ కూర్చోవాలో తెలియకపోవడమే కష్టమైంది. లైబ్రరీ సార్ ఒక కుర్చీ చూపించారు, అంతటితో తీరింది. తను ఎక్కడ చేరినా, ఖాళీగా ఉన్న రోజున తీసుకెళ్లి గది, మరుగుదొడ్డి, సద్దులేని చోటు ముందే చూపించండి.

ప్రశ్న అడిగిన తల్లి

అందరికీ కృతజ్ఞతలు. బాబూ, నువ్వు చెప్పినట్లే టైప్ చేసి ఇచ్చాను. ఈ రోజు జవాబు వచ్చింది: “ఇంటర్ ఇంట్లో. పొద్దున పని. తప్పులు దిద్దే పని. కుక్కర్ ఉండకూడదు.” మా వీధి చివర ఒక డీటీపీ సెంటర్ ఉంది, శుభలేఖలు, కరపత్రాలు కొడతారు. యజమానిని కలవబోతున్నాను. అనంతపురం అన్నా, మీరు రాసిచ్చిన కాగితం ఫోటో తీసి ఇక్కడ పెడతారా? మాది దాన్ని చూసి రాసుకుంటాం.