సమస్య: మలినమున్న కతన మాన్యమయ్యె

సీతమ్మధార (నిర్వహణ): ఆటవెలది చివరి పాదం ఇచ్చాను. పూరణలో రసాయన శాస్త్రం ఉండాలి. ఎప్పటిలాగే మన విశాఖ పేటల పేర్లతోనే పిలుచుకుందాం.

పెదవాల్తేరు:
మంచులోన నుప్పు మరికొంత గలుపగా
పాలు గట్టిపడెను బండిమీద
కడలిచెంత నైసుగడ్డయే చూడగా
మలినమున్న కతన మాన్యమయ్యె

మాస్టారు: యతులు కుదిరాయి. ఆర్కే బీచ్ కుల్ఫీ బండి కళ్ళకు కట్టింది. ఉప్పు చేరిన ఐసు సున్నా దగ్గర ఆగదు, పాళ్ళు కుదిరితే మైనస్ 21 డిగ్రీల దాకా దిగుతుంది. శాస్త్రం సరే. పేచీ ఒక్కటే. ఆ ఉప్పు కావాలని వేసింది. కావాలని కొలిచి కలిపితే మలినం అనరమ్మా, ఫార్ములేషన్ అంటారు. జ్వరం బిళ్ళలో పారాసెటమాల్ ఒక్కటే ఉండదు, బిళ్ళ కట్టడానికి పిండి కూడా ఉంటుంది. ఆ పిండి మలినమా?

పెదవాల్తేరు: బండివాడు గుప్పెళ్ళతో వేస్తాడు మాస్టారూ, కొలిచిందెవరు!

గాజువాక:
ఇనుము మెత్తనయ్య! యిసుమంత బొగ్గుతో
గట్టిపడియె చూడు గాజువాక
కొలిమిలోన బుట్టి ఉక్కుయే దేశాన
మలినమున్న కతన మాన్యమయ్యె

మాస్టారు: మూడో పాదంలో యతి పోయింది, "కొ"కి "ఉ" చెల్లదు. "కొలిమిలోన బుట్టి కులికెడు నుక్కిదే" అని మార్చుకోండి. ఇక విషయం. బ్లాస్ట్ ఫర్నేస్, అంటే ఖనిజం నుంచి ఇనుము తీసే పెద్ద కొలిమి, దాని ఇనుములో కార్బన్ నూటికి నాలుగు పాళ్ళ దాకా ఉంటుంది. అసలు మలినం అదీ! శుద్ధమైన ఇనుము 1538 డిగ్రీల దగ్గర గానీ కరగదు, ఇది 1150 దాటగానే మొదలుపెడుతుంది. శుద్ధ పదార్థం ఒక్కచోటే కరుగుతుంది. మలినం ఉంటే ముందే మొదలై సాగుతుంది. తర్వాత ఆక్సిజన్ ఊది, కావలసినంత కార్బనే మిగులుస్తారు. అంటే ఉక్కుకు మాన్యత మలినం ఉన్నందుకు కాదు, పోయినందుకు.

గాజువాక: ముప్పై ఏళ్ళు ఆ వేడి పక్కనే పనిచేశాను, ఇది తట్టలేదండి.

భీమిలి:
కొండలోన దొరకు కురువింద మది తెల్ల
నందు క్రోము చేర నరుణకాంతి
పొందె; రాచయింట బొలుపారు కెంపదే
మలినమున్న కతన మాన్యమయ్యె

మాస్టారు: ఇదీ పూరణ! కురువిందం అంటే అల్యూమినియం ఆక్సైడు, దానికి సొంతంగా రంగు లేదు. భూమిలో దానంతట అదే క్రోమియం చేరి, నూటికి ఒక పాలో ఇంకా తక్కువో, ఎర్రబడింది. ఎవరూ కొలవలేదు. "తెల్లన" బదులు "రంగులేని" అంటే ఇంకా సూటిగా ఉండేది, గణాలు ఒప్పుకోలేదనుకుంటాను.

సీతమ్మధార: నిఘంటువులో కురువిందం అంటే కెంపు అని కూడా ఉందండి. "కెంపు తెల్లన" అయి కూర్చుంటుంది.

భీమిలి: కోరండం అన్న అర్థంలో వాడాను. ఆ ఇంగ్లీషు పేరు వెళ్ళింది కూడా మన దక్షిణాది కురుందం నుంచే.

పెదవాల్తేరు: మరి 1902లో ఫ్రాన్సులో వెర్నూయ్ అనే రసాయన శాస్త్రవేత్త కొలిమిలో తయారుచేసిన కెంపుల సంగతి ప్రకటించాడు కదా! ఆ క్రోమియం కొలిచి కలిపిందే.

మాస్టారు: అది ఫార్ములేషనే. కొండలో దొరికిందే మలినం.

పెదవాల్తేరు: అయితే గుప్పెళ్ళతో వేసిన నా ఉప్పు?

మాస్టారు: ఆదివారం బీచ్‌కి రా అమ్మా. వాడు గుప్పెళ్ళు లెక్కపెడతాడో లేదో నిలబడి చూద్దాం.