పాత డిటెక్టివ్, సాహస పుస్తకాలు కొనేముందు ఏం చూడాలి?

కాలవగట్టు:
నమస్కారమండి. పాలకొల్లు దగ్గర మా ఊళ్ళో 8 నుంచి 12 ఏళ్ళ పిల్లల కోసం చిన్న లైబ్రరీ పెడుతున్నాం. ఫేమస్ ఫైవ్, సీక్రెట్ సెవెన్, హార్డీ బాయ్స్ లాంటి ఇంగ్లీషు పుస్తకాలు సెకండ్‌హ్యాండ్‌లో ఓ నలభై తీసుకోవాలి. కొన్నిటికి ముక్కిపోయిన వాసన ఉంది. ఏవి తీసుకోవాలి, ఏవి వదిలెయ్యాలి?

పాతట్ట:
పుస్తకాన్ని వెనకనుంచి తెరవండి. అట్ట ఊడినా పరవాలేదు గాని, డిటెక్టివ్ కథలో ఆఖరి కాగితం పోతే పుస్తకం మొత్తం పోయినట్టే. విషయసూచికలో చివరి అధ్యాయం ఏ పేజీలో ఉందో చూసి, అది లోపల ఉందా, దాని ముగింపు పూర్తిగా ఉందా చూడండి. త్రీ ఇన్వెస్టిగేటర్స్ అనే పిల్లల డిటెక్టివ్ వరస పాత ముద్రణల్లో ఇది మరీ ముఖ్యం. ముగ్గురు పిల్లలూ సినిమా దర్శకుడు హిచ్‌కాక్ దగ్గరికి వెళ్ళి మిగిలిన చిక్కుముళ్ళు విప్పేది ఆఖర్లోనే.

హార్డీ బాయ్స్‌కీ, నాన్సీ డ్రూ అనే అమ్మాయి డిటెక్టివ్ కథలకీ ఇంకో తిరకాసుంది. 1959 నుంచి పాత పుస్తకాలను కుదించి తిరగరాశారు. పాతవి సుమారు 25 అధ్యాయాలు, కొత్తవి 20. కొన్నిటికి పేరు అదే, కథ దాదాపు వేరు. కాబట్టి 20తో ఆగిపోయిందని పేజీలు పోయాయనుకోకండి, సూచికతో సరిచూడండి.

ఇక పుస్తకాన్ని మధ్యకి తెరిచి మెల్లగా వంచండి. టప్‌మని శబ్దం వస్తే జిగురు ఎండిపోయిందని అర్థం, నాలుగు చేతులు మారగానే కాగితాలు రాలతాయి. కుట్టు బైండింగ్ ఉన్నది దొరికితే కాస్త ఎక్కువైనా ఇచ్చి తీసుకోండి.

గోదారిగాలి:
ముక్కిపోయిన వాసన ఉన్నవి ఎండలో పడేస్తే సరి. రెండు రోజుల్లో పోతుంది.

చెమ్మవైరి:
నేరుగా ఎండలో వద్దండి. కాగితం పసుపెక్కి పెళుసవుతుంది, అట్టలు వంకరపోతాయి. నీడలో, ఫ్యాన్ గాలికి, పేజీలు విసనకర్రలా విప్పి నిలబెట్టండి. ఆరాక మూతపెట్టే పెట్టెలో, వంటసోడా గిన్నె పక్కన (కాగితానికి తగలకుండా) ఓ వారం ఉంచండి.

బూజు కనిపిస్తే దులిపే ముందు బ్రష్ కొసతో తాకి చూడండి. తడిగా అంటుకుంటే ఇంకా పెరుగుతున్నట్టు, పిల్లల చేతికి వద్దు, వదిలెయ్యండి. పొడిగా రాలుతుంటే మాస్కు కట్టుకుని బయట మెత్తటి బ్రష్‌తో దులపండి.

కాలవగట్టు:
వెండి రంగు పురుగులు తిరుగుతున్నవి రెండున్నాయండి.

చెమ్మవైరి:
వాటికి డీప్ ఫ్రీజర్ మంచిది. ప్లాస్టిక్ కవరులో గాలి తీసి గట్టిగా కట్టి, వారం ఉంచండి. తీశాక ఒక రోజంతా కవరు విప్పకండి, లేదంటే చల్లటి కాగితం మీద నీరు పడుతుంది. బూజు మాత్రం చలికి చావదు, నిద్రపోతుందంతే. నాఫ్తలీన్ ఉండలు పిల్లల పుస్తకాల్లో పెట్టొద్దు.

మన డెల్టాలో వానాకాలంలో గాలిలో తేమ 70 శాతం దాటితే బూజు తేలిగ్గా పడుతుంది. బీరువా గోడకి నాలుగు వేళ్ళు ఎడంగా ఉండాలి, కింది అర ఖాళీగా వదలండి. పుస్తకాలు బిగించి పేర్చొద్దు, మధ్యలో గాలి ఆడాలి.

పాతట్ట:
ఊడిన కాగితానికి సెలోటేప్ వెయ్యకండి. కొన్నేళ్ళకు పసుపెక్కి అక్షరాల మీద మరక మిగులుతుంది. వెనకంచుకి 2 మిల్లీమీటర్ల మేర తెల్ల జిగురు సన్నగా రాసి, పక్క పేజీతో సమానంగా దింపి, రెండు వైపులా మైనపు కాగితం పెట్టి రాత్రంతా బరువు కింద ఉంచండి. మైదా జిగురు మాత్రం వద్దు, పురుగులకు అదే భోజనం.

వరస పూర్తి కావాలని పట్టు పట్టకండి. సీక్రెట్ సెవెన్ 15 పుస్తకాలు, సన్నగా ఉంటాయి, చిన్న పిల్లలకి అవే ముందు. ఫేమస్ ఫైవ్‌లో ఎనిడ్ బ్లైటన్ రాసిన అసలు వరస 21 (1942 నుంచి 1963 దాకా). ఆ పాత్రలతో ఫ్రెంచిలో వేరొకరు రాసి ఇంగ్లీషులోకి వచ్చినవి కూడా ఉన్నాయి, నంబర్లు చూసి కంగారు పడొద్దు. ప్రతి కథా దానికదే. మొదటిది ఒక్కటి మాత్రం వెతికి తీసుకోండి, ఆ జట్టు ఎలా కుదిరిందో అందులోనే ఉంది.